చూచుటయుఁ బోల్చుటయు
మెదడు దెబ్బతినినపుడు గలుగు దృశ్యాభిజ్ఞానలోపమును గూర్చి

తెలుఁగున "పోల్చు" అను ధాతువునకు రెండర్థములు గలవు. ఒక వస్తువును మఱియొక వస్తువుతో సరిచూచుట యొకటి. ఎదుట నున్నదానిని ఇది యిట్టిదని గుర్తుపట్టుట రెండవది. "దూరమునుండియే వానిని బోల్చుకొనెను" అనునపుడు రెండవ యర్థమే గ్రాహ్యము. ఈ రెండర్థములు నొక్కమాటయందే యిముడుట యుచితముగానే యున్నది. గుర్తుపట్టుట యనఁగా, అంతకుముందే మనస్సున నిలిచియున్న యెఱుకతో ఎదుటిదానిని సరిచూచుటయే గదా. అయినను, చూచుట కంటిపని యనియు, పోల్చుట యా చూపు వెంట దానంతట నదియే జరిగిపోవునదనియు లోకము తలఁచును. ఆరోగ్యవంతునియందు ఈ రెండును ఱెప్పపాటులో నొక్కటిగా నడచుటచేత వాని నడుమ నెడము గలదని తోఁపదు. మెదడునందొకానొక భాగము దెబ్బతినినపుడు మాత్రము ఆ యెడము బయటపడును.

అట్టి రోగికి వెలుతురు తెలియును, రంగు తెలియును, వస్తువు కదలుట తెలియును. ఎదుట దువ్వెన నుంచి యిది యేమని యడిగినచో, పొడవుగా నున్నదనియు, ఒకవైపునఁ బండ్లవలె నున్నదనియుఁ జెప్పును గాని, దువ్వెన యని చెప్పలేఁడు. దానితో నేమి చేయుదురో అభినయించి చూపనునులేఁడు. ఆ దువ్వెననే కన్నులు మూయించి చేతికిచ్చినచో వ్రేళ్లతోఁ దడవి వెంటనే గుర్తుపట్టును. తాళపుఁజెవుల గుత్తిని జూచి యెఱుఁగనివాఁడు దాని గలగల విన్నంతనే యెఱుఁగును. వైద్యశాస్త్రమున దీనికి "అగ్నోసియా" అని పేరు. ఇది గ్రీకుమాట. అందలి "గ్నో" యనునది సంస్కృతమునందలి "జ్ఞా"ధాతువునకుఁ దోఁబుట్టువు. ముందున్న యకారము "అజ్ఞాన"శబ్దమునందలి నిషేధార్థకమైన యకారమునకు సజాతీయము. ఈ వ్యాసమున నిది "అభిజ్ఞానలోపము" అని వ్యవహరింపఁబడును. ఇంటివా రీలోపమును గ్రుడ్డితనమనియో, మతిమఱపనియో, ఉన్మాదమనియో భ్రమపడుట గలదు. ఆ భ్రమవలన రోగికి రోగముకంటె నెక్కువ బాధ గలుగును. కాఁబట్టి దీని స్వరూపమును విడదీసి తెలిసికొనుట పండితులకును బాఠశాలల యుపాధ్యాయులకును గూడ నావశ్యకము.

శాస్త్రమునం దీవిషయము తేలిన క్రమము

1881 ప్రాంతమున బెర్లినునందు హెర్మన్ ముంక్ అను శాస్త్రజ్ఞుఁడు కుక్కల మెదడునందు వెనుకభాగమునఁ గొంత తొలఁగించి పరీక్షించెను. ఆ కుక్కలు దారిలో నడ్డమున్న వస్తువులను దప్పించుకొని నడచినవి. కాని కంటియెదుట నున్న యాహారమును జూచి దాని నాహారమని యెఱుఁగలేకపోయినవి. దీనికతఁడు "ఆత్మాంధత" యను నర్థము గల జర్మనుపేరు పెట్టెను. 1890లో బ్రెస్లావు నగరమున హైన్రిక్ లిస్సావరు అను యువవైద్యుఁడు ఎనుబదియేండ్ల వర్తకు నొకనిని బరీక్షించి, యీలోపము రెండువిధములని నిరూపించెను. మఱుసటియేఁడు, అనఁగా 1891లో, సిగ్మండ్ ఫ్రాయిడు వాగ్లోపమును గూర్చి వ్రాసిన గ్రంథమునందు "అగ్నోసియా" యను పేరును బ్రయోగించెను. ఆ పేరే నిలిచినది.

లిస్సావరు చేసిన విభాగ మిప్పటికిని మూలస్తంభముగనే యున్నది. మొదటివిధమున రూపమే కుదురుకొనదు. గీఁతలు, అంచులు, మూలలు వేర్వేఱుగఁ గనఁబడును గాని యవి కూడి యొక యాకారముగా నేర్పడవు. అట్టివాఁడు బొమ్మను జూచి దానిని మఱల వ్రాయలేఁడు. రెండు బొమ్మలు నొక్కటియో కాదో చెప్పలేఁడు. రెండవవిధమున రూపము కుదురుకొనును, అర్థము గుదురదు. అట్టివాఁడు బొమ్మను జూచి చక్కగా వ్రాయఁగలఁడు. తాను వ్రాసిన దేమో తెలియదు. కన్నడలిపి నెఱుఁగని లేఖకుఁడు కన్నడ తాళపత్రమున కక్షరము దప్పకుండఁ బ్రతి వ్రాసినను అందలి విషయము నెఱుఁగఁడు గదా. ఈ రెండవవిధపు రోగికి లోకమంతయు నట్టి తాళపత్రమే.

ఈ రెంటికి నడుమ నిలుచువారును గలరు. ఇంగ్లండున హంఫ్రీసు, రిడాకు అను నిరువురు 1987లోఁ బ్రకటించిన గ్రంథమునందలి రోగి లండనునందలి సెంటుపాలు దేవాలయపు చిత్రమును జూచి శ్రద్ధగా నకలు వ్రాసెను. కాని యది యేమో చూపుచేత నెఱుఁగలేకపోయెను. అతనికి భాగములు తెలియుచునే యున్నవి. వానిని గూర్చి యొక్కటి చేయుటయే కష్టమైనది. వస్తువు లొకదానిపై నొకటి పడియున్నపుడును, చూచుటకుఁ గాలము చాలనపుడును ఇట్టివారి కష్టము హెచ్చును.

న్యాయశాస్త్రపరిభాషతోఁ బొత్తు

మంజీరానదీప్రాంతపు పండితుల కిట్టి విచారము క్రొత్తది గాదు. మల్లినాథసూరి స్వస్థలమని ప్రసిద్ధి గన్న కొల్చారము మెదకు జిల్లాలోనిది, కామారెడ్డి సీమకుఁ బొరుగు. కావ్యవ్యాఖ్యాతగాఁ బ్రసిద్ధుఁడైన యా సూరి న్యాయమునందును "తార్కికరక్ష"కు వ్యాఖ్య రచించినవాఁడు. ఆంధ్రుఁడని ప్రసిద్ధుఁడగు నన్నంభట్టు తన "తర్కసంగ్రహము"న బ్రత్యక్షమును నిర్వికల్పకమనియు సవికల్పకమనియు విభజించెను. విశేషణ మేదియుఁ బట్టువడని జ్ఞానము మొదటిది; ఇది యిట్టిదని విశేషణముతోఁ గూడిన జ్ఞానము రెండవది. ఇంద్రియార్థసన్నికర్షముతోనే యెఱుక ముగియదనియు, అందంతస్తులు గలవనియు మన శాస్త్రకారులు వివేచించిరనుట కిది చాలును.

అట్లని యభిజ్ఞానలోపమే నిర్వికల్పకమని చెప్పరాదు. తార్కికుల నిర్వికల్పకము క్షణికము, అతీంద్రియము. అనుభవించువానికిఁ గూడ నది ప్రత్యక్షముగఁ దెలియదు, అనుమానముచేతనే సిద్ధించును. రోగియో "ఇది తెల్లగా నున్నది, పొడవుగా నున్నది" యని చెప్పుచునే యున్నాఁడు. గుణము విశేషణముగఁ బట్టువడినది, కాఁబట్టి యది సవికల్పకమే. పట్టువడనిది జాతి మాత్రమే. దువ్వెన రూపము, కొలఁత, రంగు తెలిసి దువ్వెనతనము దెలియకుండుటయే లిస్సావరు చెప్పిన రెండవవిధము. జాతియు గుణమును ఒకే జ్ఞానమున విశేషణములుగా భాసించు ననుట శాస్త్రసమ్మతము. మెదడు దెబ్బతినినచోట వానిలో నొకటి నిలిచి మఱియొకటి పోవుట లోకమునఁ గనఁబడుచున్నది. ప్రాచీను లీరోగము నెఱుఁగుదురనుట సాహసము. వారి పరిభాష దీనిని చక్కగా వర్ణించుట కుపకరించు ననుట మాత్రము యథార్థము.

కావ్యములనుండి రెండుదాహరణములు దీనిని మఱింత స్పష్టము చేయును. దుష్యంతుఁడు శకుంతల నెఱుఁగకపోవుట యభిజ్ఞానలోపము గాదు. దుర్వాసుని శాపముచేత నతనికి నష్టమైనది స్మృతి. ఆమె రూపము చూచియు నెఱుఁగఁడు, మాట వినియు నెఱుఁగఁడు, జరిగినకథ చెప్పినను నెఱుఁగఁడు. చూపునకు మాత్రమే పరిమితమైన లోపమున్నవాఁ డయినచో, ఆమె నోరు విప్పినంతనే యెఱిఁగియుండును. ఇఁక దమయంతీస్వయంవరమునందు నలుగురు దేవతలు నలరూపమునఁ గూర్చుండఁగా, ముఖముచేత నెఱుఁగలేక, ఱెప్పపాటు, చెమట, నీడ, పూలదండ వాడుట మొదలగు చిహ్నములచేత దమయంతి నలుని నిశ్చయించినది. శ్రీనాథుని శృంగారనైషధము చదివిన ప్రతివాఁడు నీఘట్టము నెఱుఁగును. ముఖములను బోల్చుకొనలేని రోగులు దినదినము చేయుపని యిదియే. నడక, గొంతు, మీసము, కట్టుబొట్టు చూచి యీతఁడు తన కొడుకని యనుమానము చేయుదురు. ఇతరులకుఁ బ్రత్యక్షమైనది వారి కనుమేయము.

మెదడునం దీపని జరుగు చోటు

కంటినుండి బయలుదేఱిన నాడులు మెదడునందు వెనుకభాగమునకుఁ జేరును. అచటనుండి రెండుదారులు గలవు. ఒకటి క్రిందుగా కణతలవైపునకుఁ బోవును. వస్తు వేమో తెలియుట కది ముఖ్యము. రెండవది పైగా నడినెత్తివైపునకుఁ బోవును; వస్తు వెక్కడ నున్నదో, దానిని జేత నెట్లు పట్టవలెనో తెలియుట కది ముఖ్యము. కోతులయందు ఈ రెండుదారులను అంగర్‌లైడరు, మిష్కిను అను శాస్త్రజ్ఞులు 1982లో వివరించిరి.

మనుష్యులయం దీభేదమునకుఁ బ్రసిద్ధమైన సాక్ష్యము, 1988లో కార్బను మోనాక్సైడు అను విషవాయువు పీల్చి మెదడు దెబ్బతినిన యొక స్త్రీవలన లభించినది. ఆమె యెదుట నొక పలకలోని చీలికను నిలువుగానో యడ్డముగానో యుంచి, యది యేవిధముగ నున్నదని యడిగినచోఁ జెప్పలేకపోయెను. ఒక యట్టముక్కను జేతికిచ్చి యాచీలికలోఁ జొప్పింపుమన్నచో, చేతిని సరిగాఁ ద్రిప్పి సులభముగ జొప్పించెను. గుడేలు, మిల్నరు అనువారును వారి సహచరులును దీనిని 1991లోఁ బ్రకటించిరి. చేయి యెఱిఁగిన దానిని మాట యెఱుఁగలేదు. ఇట్టి రోగి యింటిలోఁ దడఁబడక నడచుటయు, చెంబు నందుకొనుటయుఁ జూచి, "ఇంత చక్కగాఁ జూచువాఁడు తెలియదని నటించుచున్నాఁడు" అని చుట్టుప్రక్కలవారు నిందించుట అన్యాయమని దీనివలన స్పష్టము.

లోపము వస్తుజాతులనుబట్టియు భేదించును. 1984లో వారింగ్టను, షాలిసు అనువారు మెదడువాపు వ్యాధినుండి బ్రదికిన నలువురను వర్ణించిరి. వారికిఁ బనిముట్లకంటె జంతువులు, ఆహారపదార్థములు మొదలగునవి తెలియుట మిక్కిలి కష్టమైనది. ముఖములను మాత్రమే యెఱుఁగలేని స్థితికి 1947లో బోదమరు అను జర్మనువైద్యుఁడు వేఱుపేరు పెట్టెను. దానికి విరుద్ధమైన స్థితియుఁ గలదు. 1997లోఁ బ్రకటింపఁబడిన యొక రోగి వస్తువుల నెఱుఁగలేకయు ముఖముల నెఱిఁగెను. పండ్లు, కూరగాయలు పేర్చి ముఖముగా వ్రాసిన యార్చింబోల్డో చిత్రమును జూపఁగా నతనికి ముఖము కనఁబడినది, అందలి పండ్లు మాత్రము తెలియలేదు. అక్షరముల విషయమున 1892లోనే డెజెరీను అను ఫ్రెంచివైద్యుఁడు, వ్రాయఁగలిగియుఁ దాను వ్రాసినదానినే చదువలేని యొక రోగిని వర్ణించెను.

పెద్దకొడప్‌గల్ సీమయందుఁ బరీక్ష

పెద్దకొడప్‌గల్ హైదరాబాదునుండి నాందేడునకుఁ బోవు దారిలోనున్న గ్రామము. నిజామాబాదు జిల్లానుండి 2016లో వేఱుపడిన కామారెడ్డి జిల్లాలోనిది. మహారాష్ట్ర, కర్ణాటకముల యెల్లలు దగ్గఱగా నుండుటచేత నీసీమయందుఁ దెలుఁగుతోఁబాటు మరాఠి, కన్నడము, ఉర్దూ చెవిని బడుచుండును. జొన్న యొకనికి జ్వారీ, ఒకనికి జోళము, ఒకనికి జవారు. ఒక్క వస్తువునకు నాలుగుపేరు లుండుట యిచట నాశ్చర్యము గాదు. ఈబహుభాషాస్థితి రోగపరీక్షకుఁ జిక్కును దెచ్చును, తోడ్పాటును జేయును.

ఎట్లనిన, వస్తువును జూచి పేరు చెప్పలేకపోవుటకుఁ గారణములు పెక్కు. కంటిలోఁ బొర యుండవచ్చును. మాట మాత్రమే నోటికి రాకపోవచ్చును. ఆవస్తువును గూర్చిన యెఱుకయే నశించి యుండవచ్చును. పోల్చుట మాత్రమే చెడియుండవచ్చును. ఈ నాలుగింటిని వేఱుచేయుటకుఁ గ్రమ మొకటి గలదు. మొదట చూపు చక్కగా నున్నదో లేదో కంటివైద్యుఁడు చూడవలెను. పిదప దువ్వెనను జూపి పేరడుగవలెను. తెలుఁగున "దువ్వెన" యని రాకున్నను, మరాఠిలో "కంగవా" అనియో, ఉర్దూలో "కంఘీ" అనియో, కన్నడమున "బాచణిగె" యనియో వచ్చెనేని పోల్చుట చెడలేదు. ఒకభాషలోని మాట మఱుఁగుపడినది. ఏభాషయందును మాట రాక, చేతితోఁ దలదువ్వినట్లు చూపెనేని యప్పుడును బోల్చుట నిలిచియే యున్నది. లోపము వాక్కునకు సంబంధించినది. శబ్దముతోఁ గూడని జ్ఞానమే లేదనిన భర్తృహరిమతమును విమర్శించువారి కీ స్థితి యాలోచింపఁదగినది. ఏభాషయందును రాక, అభినయమును రాక, చేతికిచ్చినంతనే పేరు, పని రెండును జెప్పెనేని యది యభిజ్ఞానలోపము. తడవినను, విన్నను, "తల దువ్వుకొను వస్తు వేది" యని నోట నడిగినను నేమియుఁ దోఁపదేని యెఱుకయే క్షీణించినది. ఈ పరీక్షకు యంత్రము లక్కఱలేదు; ఇంటిలోని నాలుగు వస్తువులును, రోగి మాటలాడు భాషల నెఱిఁగిన యొక మనుష్యుఁడును జాలును. నిర్ణయము మాత్రము వైద్యునిదే.

బహుభాషాజ్ఞానమునకును మెదడునకును గల సంబంధమును హైదరాబాదునందలి నిజాము వైద్యవిజ్ఞానసంస్థ పరిశోధించినది. సువర్ణ అల్లాడిగారును సహచరులును 2013లోఁ బ్రకటించిన పరిశోధనమున, చిత్తవైకల్యము, అనఁగా డిమెన్షియా, గల 648 మందిని జూడఁగా, వారిలో 391 మంది రెండుగాని యంతకెక్కువగాని భాషలు మాటలాడువారు. ఏకభాషులకంటె వారికి రోగలక్షణములు సుమారు 4½ ఏండ్లు ఆలస్యముగఁ బొడచూపినవి. చదువురానివారియందును నీభేదము కానవచ్చినది. పక్షవాతపు దాడికి గుఱియైన 608 మందిని గూర్చి 2016లో వెలువడిన పరిశోధనమున, బుద్ధివ్యాపారము చెక్కుచెదరక నిలిచినవారు బహుభాషులలో నూటికి 40.5, ఏకభాషులలో నూటికి 19.6. వాగ్లోపము మాత్ర మిరుతెగలయందును సమానముగనే యుండెను. ఈ రెండును అభిజ్ఞానలోపమును బ్రత్యేకించి చేసినవి గావు. అయినను దెలుఁగుదేశపు రోగులను వారి భాషాపరిస్థితులతోఁ గూడఁ బరీక్షింపవలెనను మార్గమును జూపినవి.

కారణములు, సహాయము

ఈ లోపమునకుఁ బ్రధానకారణములు మెదడు వెనుకభాగమునకు రక్తము గొనిపోవు నాళము మూసికొనుట, తలకు దెబ్బ, మెదడువాపు, ప్రాణవాయువు చాలకపోవుట, మెదడు వెనుకభాగము క్రమముగఁ గృశించు రోగము. ఇందుఁ గొన్నింటిని నివారింపవచ్చును. చలికాలమున తలుపులు బిగించి గదిలో బొగ్గులకుంపటి నుంచుకొని నిద్రించుట ప్రమాదము. ద్విచక్రవాహనముపైఁ బోవునపుడు శిరస్త్రాణము విడువరాదు. రక్తపుఁబోటు నదుపులో నుంచుకొనవలెను. చూపు సగము మాయమగుట, మాట తడఁబడుట, వస్తువులు దెలియకపోవుట హఠాత్తుగఁ గలిగినచో తెల్లవాఱనిమ్మని యుండరాదు. గడ్డను గరఁగించు మందు సామాన్యముగ 4½ గంటలలోపల నీయవలసినది. కంటిరోగమని తలఁచి మందుచుక్కలు వేసికొని కూర్చుండుటవలన నాగడువు దాఁటిపోవును.

పోయిన యభిజ్ఞానమును దిరిగి తెచ్చు మందు లేదు. మొదటి కొన్నినెలలలోఁ గొంత మెఱుఁగు గలుగవచ్చును. అటుపిమ్మట నిలిచియున్న యింద్రియములతోఁ బని జరుపుకొనుటయే మార్గము. వస్తువు లెప్పుడును నొక్కచోటనే యుంచవలెను. ఉప్పుడబ్బాకు గరుకుగుడ్డయో, మందుసీసాకు దారమో చుట్టి చేతికిఁ దెలియునట్లు చేయవలెను. ఒకదానిపై నొకటి పేర్పక విడివిడిగా నుంచవలెను. ఇంటికి వచ్చినవారు మొదటనే పలుకవలెను. "నేనెవరినో చెప్పుము చూతము" అని పరీక్షించుట క్రూరము. చుట్టఱికమునుబట్టి "అత్తా, నేను నీ మేనల్లుఁడను" అని పలికినచో ఆమె కాలోపము లేనట్లే మాటలాడును.

పాఠశాలలయం దుపాధ్యాయులు గమనింపవలసిన దొకటి గలదు. పుట్టినపుడు ప్రాణవాయువు చాలక మెదడు దెబ్బతినిన పిల్లలకుఁ గన్ను బాగుండియు మెదడున జరుగు చూపు చెడియుండుట గలదు. అట్టివారు విడిగా వ్రాసిన యక్షరమును జదివి, నిండుపుటలో నాయక్షరమునే కనుఁగొనలేకపోవచ్చును. గుంపులోఁ దల్లిని గుర్తింపలేకపోవచ్చును. మందబుద్ధి యనియో, అలక్ష్యమనియో దండించుట తగదు. పుటలో నొక్కపంక్తి మాత్రము కనఁబడునట్లు మిగిలినవానిని గప్పుట, పాఠమును చెవితోఁ జెప్పుట, అక్షరమును చేతితోఁ దడవించుట మేలు. వైద్యుని సలహాను బొందుట యావశ్యకము.

పండితులు చేయఁదగిన పని

జ్ఞాపకశక్తిని, వాక్కును, అభిజ్ఞానమును బరీక్షించుటకు వైద్యులు బొమ్మలు చూపి పేర్లడుగుదురు. పరదేశమున నేర్పడిన బొమ్మలు, మాటలు మన గ్రామములకుఁ జాలవని యెఱిఁగి భారత వైద్యపరిశోధనమండలి హిందీ, వంగ, తెలుఁగు, కన్నడ, మలయాళభాషలయందు నొక పరీక్షాసామగ్రిని సిద్ధపఱపించినది. అయినను దెలుఁగు ఒక్కటియైనను దాని పలుకుబళ్లు పెక్కు. ఒకచోటి వేరుసెనగ యింకొకచోట పల్లి, మఱియొకచోట బుడ్డ. పరీక్షాపత్రమున నొక్కపేరే యున్నచో, "పల్లి" యనిన వృద్ధురాలు తప్పు చెప్పినట్లు లెక్కింపఁబడును. బడికిఁ బోని వారికి గీఁతబొమ్మను బోల్చుట యసలు వస్తువును బోల్చుటకంటెఁ గష్టమనియుఁ బరిశోధనములు దెలుపుచున్నవి. రోగము లేనిచోట రోగము గలదను నిర్ణయమున కిది హేతువగును.

ఇట్టి పొరపాటులను దీర్చుట వైద్యుని యొక్కని వలన నగుపని కాదు. పెద్దకొడప్‌గల్ వంటి సరిహద్దుగ్రామమున నింటిలో, పొలములో, సంతలో వాడుకనున్న వస్తువుల కేయే యింట నేయే పేరు చెల్లునో, ఏ వయస్సువారు ఏభాషలోనిపేరు ముందుగఁ బలుకుదురో తెలిసినవారు గ్రామోపాధ్యాయులును భాషాపరిశోధకులును. వారు వస్తువులవారిగ నీపేరులను సేకరించి, పలుకువారి వయస్సును, చదువును గూడ వ్రాసి సిద్ధపఱచినచో, ఆ పట్టిక నిఘంటువున కెంత యుపయోగమో, దువ్వెనను జూచి పేరు చెప్పలేక కూర్చున్న వానికి మాట పోయినదో పోలిక పోయినదో నిర్ణయించుటకును నంత యుపయోగము.